ఒకే పాట, ఎన్నో గొంతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒకరు పాడిన పాటనే ఇంకొకరు పాడి రికార్డు చేయడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అమెరికా కంట్రీ పాట మొదలుకొని నాట్ల పాట దాకా ఉన్నాయి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కాలేజీ వార్షికోత్సవంలో 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాడాలనుకుంటున్నాను. విట్నీ హ్యూస్టన్ పాట అనుకున్నాను. వెతికితే డాలీ పార్టన్, లిండా రాన్‌స్టాట్ పాడినవీ దొరికాయి. మూడూ మూడు తీర్లుగా ఉన్నాయి. ఒకదాంట్లో ఆఖరి చరణమే లేదు. దేన్ని పట్టుకొని నేర్చుకోవాలి? సంగీతం క్లాసులో నా శ్రుతి 4. – పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పాట డాలీ పార్టన్‌ది. మాటలూ ఆమెవే, వరసా ఆమెదే. ఏళ్ల తరబడి తన టీవీ కార్యక్రమంలో పాడించిన పోర్టర్ వ్యాగనర్ దగ్గర సెలవు తీసుకుంటూ రాసుకున్న పాట అది. అంటే ప్రేమికుల ఎడబాటు కాదు, అన్నం పెట్టిన చోటు విడిచి వెళ్లేవాళ్లు చెప్పే మాట. ఇది తెలిసి పాడితే గొంతులో ఏడుపు తగ్గి నిబ్బరం వస్తుంది. 1973లో రికార్డు చేశారు. 1974లో అమెరికా కంట్రీ పాటల పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది. 1982లో ఆమే ఒక సినిమా కోసం తిరిగి పాడితే మళ్లీ మొదటి స్థానమే. మధ్యలో 1975లో లిండా రాన్‌స్టాట్ తన ఆల్బమ్‌లో పాడారు. 1992లో 'ది బాడీగార్డ్' సినిమాకు విట్నీ హ్యూస్టన్ పాడినది అమెరికా ప్రధాన పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఆఖరి చరణం లేనిది లిండా రికార్డులో. విట్నీ పాటకు నిర్మాతగా ఉన్న డేవిడ్ ఫాస్టర్ మొదట ఆ రికార్డునే ఆధారం చేసుకున్నారు. అందులో చరణం లేదని డాలీ పార్టనే ఫోనులో చెప్పి, ఆ మాటలు అందించారు. ఏ రికార్డు విని నేర్చుకుంటే అందులో లేనిది మనకూ లేకుండా పోతుంది. పాట రాసినవాళ్లు బతికి ఉండి, మాట అందించారు కనుక ఆ చరణం నిలిచింది. కాబట్టి ముందు డాలీ మొదటి రికార్డు విని మాటలన్నీ చేత్తో రాసుకోండి. ఆఖరి చరణాన్ని ఆమె పాడరు, మాటగా చెబుతారు. విట్నీ దాన్ని పాడతారు. వేదిక మీద చెప్పడం కన్నా పాడడమే తేలిక. చెప్పేటప్పుడు వెనక వాయిద్యం తగ్గకపోతే మాట ఎవరికీ వినబడదు.

నడక సంగతి. డాలీది సుమారు 3 నిమిషాలు, విట్నీది నాలుగున్నర. విట్నీ మొదటి ముప్పావు నిమిషం వాయిద్యం ఏదీ లేకుండా పాడతారు. వేదిక మీద ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. ఆధారశ్రుతి చెవిలో లేనప్పుడు గొంతు మెల్లగా పావు స్వరం, అర స్వరం జారుతుంది. తర్వాత కీబోర్డు అందుకున్నప్పుడు రెండూ కలవవు. పాడేవారిదే తప్పని సభ మొత్తానికి తెలిసిపోతుంది. మీరు మొదటినుంచీ గిటారు సన్నగా పెట్టించుకోండి. లేదంటే కీబోర్డు మీద షడ్జమం (స) ఒక్కటే సన్నగా పట్టి ఉంచమనండి.

శ్రుతి సంగతి ఇంకా ముఖ్యం. డాలీ రికార్డు, విట్నీ రికార్డు ఆరంభం రెండూ ఎ మేజర్, మన లెక్కలో (సి 1 అనుకొని తెల్ల మెట్లు ఎంచితే) 6 శ్రుతి. విట్నీ ఆఖరి పల్లవికి 7కు ఎక్కుతారు, అంటే రెండు అర స్వరాలు పైకి. మీరు 4లో, అంటే ఎఫ్‌లో ఎత్తుకుంటే ఎక్కాల్సింది 5కు. పల్లవికి పట్టే కార్డులు, ఎత్తుకున్న శ్రుతి స్వరం నుంచి లెక్కిస్తే, 1, 6 మైనర్, 4, 5 అనే వరుస. ఎఫ్‌లో అవి ఎఫ్, డి మైనర్, బి ఫ్లాట్, సి. గిటారు వాయించేవారికి బి ఫ్లాట్ చేతికి బరువు. మూడో మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) పెట్టి డి, బి మైనర్, జి, ఎ ఆకారాలు పట్టమనండి, అదే శబ్దం వస్తుంది. పాట మధ్యలో కాపోను ఐదో మెట్టుకు జరపడం మాత్రం కుదరదు. శ్రుతి ఎక్కాలంటే కీబోర్డు ఉండాలి. ట్రాన్స్‌పోజ్ మీట రెండుసార్లు నొక్కితే సరి. గిటారు ఒక్కటే ఉంటే శ్రుతి ఎక్కించే ఆలోచన మానుకోండి.

క్లాసులో 4 కుదిరింది కదా అని ఈ పాటకూ 4 కుదురుతుందని అనుకోవద్దు. పల్లవిలో అన్నిటికన్నా పైన ఉన్న చోటును ఆపకుండా ఐదుసార్లు పాడి చూడండి. మూడోసారికే మెడ బిగిస్తే అర శ్రుతి దించండి. శ్రుతి ఎక్కించే ఆలోచన ఉంటే ఈ పరీక్ష 5లో చేయాలి. విట్నీ గమకాలను ఉన్నదున్నట్టు దించే ప్రయత్నం చేయకండి. అవి ఆ గొంతు కొలతకు కుట్టినవి.

ప్రశ్న: మా నాయనమ్మ నాట్లేసేటప్పుడు పాడే పాట ఒకటి ఉన్నది. అదే పాట యూట్యూబ్‌లో నలుగురు పాడిన్రు. పల్లవి ఒక్కటే, చరణాలు మాత్రం దేనికదే. ఒకరిది ఏడు చరణాలు, ఇంకొకరిది నాలుగే. మా నాయనమ్మది పద్నాలుగు దాకా పోతది. అసలుది ఏది? మేము రికార్డు చేస్తే ఏ మాటలు పెట్టాలె? – పరకాల

జవాబు: మీ నాయనమ్మ పాడేదే మీకు అసలు. ఈ మాట మొహమాటానికి చెప్పడం లేదు. పై ప్రశ్నలోని పాటకు రాసిన మనిషి, రాసిన సంవత్సరం ఉన్నాయి కాబట్టి ఇది ముందు, అది తర్వాత అని తేల్చవచ్చు. కైకిలిపాటకు, అంటే కూలిపనిలో పాడే పాటకు, అట్లాంటి మొదలు దొరకదు. మడి పెద్దదైతే చరణాలు పెరుగుతాయి, చిన్నదైతే తగ్గుతాయి. ముందు పాడే మనిషి ఊరి పేరు, చెరువు పేరు, ఆడబిడ్డ పేరు అక్కడికక్కడ మారుస్తుంది, మిగతావాళ్లు అందుకుంటారు. యూట్యూబ్ పాట నాలుగు చరణాలకే ఆగడానికి కారణం వీడియో నిడివి. ఆ నాలుగే పాట అనుకొని నేర్చుకుంటే మిగతా పది మీ ఇంట్లోనే పోతాయి.

అన్నిటికన్నా ముందు ఒక జాగ్రత్త. నాయనమ్మ పాట రికార్డు చేయకముందు ఆ నాలుగు వీడియోలూ ఆమెకు వినిపించవద్దు. వింటే రెండో రోజుకే ఆమె పాటలోకి ఆ మాటలు వచ్చేస్తాయి. ఫోనులో వచ్చిందే సరైనదని పెద్దవాళ్లు తమ మాటను వదిలేసుకుంటారు. ఒకసారి కలిశాక ఏది ఎవరిదో విడదీయలేరు.

ఫోను చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రికార్డర్ యాప్‌లో వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. ఒక్క మైకుతో 16 బిట్‌లో అయితే నిమిషానికి దాదాపు 6 ఎంబీ పడుతుంది, అరగంటకు 180 దాకా. ఫ్యాను, కూలరు ఆపండి. ఫోనును మంచం పట్టె మీద పెట్టవద్దు, కదిలినప్పుడల్లా గుడుగుడు వినిపిస్తుంది. మడిచిన బొంత మీద పెట్టి, ఆమె నోటికి మూరెడు దూరంలో, సూటిగా కాకుండా కొద్దిగా పక్కకు ఉంచండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, పాడేవారి పేరు, పాట ఎవరి దగ్గర నేర్చారో చెప్పి రికార్డులోనే ఉంచండి. ఫైలు పేరు మారినా, ఫోను మారినా ఆ మాట వెంట ఉంటుంది.

ఇట్ల కూర్చోబెట్టి పాడమంటే పెద్దవాళ్లు రెండు చరణాలకే ఆగిపోతారు. 'మర్చిపోయిన బిడ్డా' అంటారు. మర్చిపోవడం కాదు, చేతులు ఊరికే ఉండడమే కారణం. నాటు పాట మాటలు వంగి లేచే వరుసలో గుర్తుంటాయి. ఓపిక ఉంటే పెరట్లో నిలబెట్టి గడ్డిపరకలు చేతికివ్వండి. లేదంటే ఆమె ఈడు ఆడవాళ్లు ఇద్దరిని పిలిచి వంత పాడించండి. వంత అందుకున్నంత సేపట్లో ముందు పాడే మనిషికి తర్వాతి చరణం తడుతుంది. మీరు మాట అందించవద్దు. తప్పు పాడిందని ఆపవద్దు. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు రికార్డు చేయండి. మూడింటిలోనూ వచ్చిన చరణాలు పాటకు వెన్నెముక. ఒక్కసారే వచ్చినవి ఆ పూట అల్లినవి కావచ్చు. అవీ రాసుకోండి.

అప్పుడు పోల్చండి. పెద్ద నోట్‌బుక్కులో అడ్డంగా ఐదు గడులు గీయండి. ఒకటి నాయనమ్మది, నాలుగు వీడియోలవి. నిలువుగా పల్లవి, చరణాల వరుస, వంత మాట, నడక, శ్రుతి, ఊళ్ల పేర్లు, చుట్టరికాల పేర్లు. ఒక చరణం ఐదింటిలోనూ ఉంటే అది పాత పొర. నాలుగు వీడియోల్లో ఉండి నాయనమ్మ దగ్గర లేకపోతే వాళ్లు ఒకరిది చూసి ఒకరు తీసుకున్నారా అని వీడియోల తేదీలు చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. మీ రికార్డులో నాయనమ్మ చరణాలే పెట్టండి. వేరేచోటి చరణం నచ్చి కలిపితే వివరణలో ఆ సంగతి రాయండి. ఆ వేవ్ ఫైలును వాట్సాప్‌లో పాటగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. పాటగా పంపితే కుదించవచ్చు.

ప్రశ్న: కీబోర్డులో రిథమ్ లూపు పెట్టి బతుకమ్మ పాట పాడుతుంటే 'ఉయ్యాలో' దగ్గర ప్రతిసారీ సాగదీయాల్సి వస్తోంది. పెద్దలు పాడితే సాగడం లేదు. లోపం ఎక్కడ? – సిరిసిల్ల

జవాబు: లోపం లూపులో. మీరు పెట్టింది నాలుగేసి భాగాల చతురశ్ర నడక అయి ఉంటుంది. చాలా బతుకమ్మ పాటలు చప్పట్లతో సాగే తిశ్ర నడక, మూడేసి భాగాలు. మాత్రలు లెక్కపెట్టండి. 'చందమామ'లో గురువు, లఘువు, గురువు, లఘువు: 2+1+2+1, మొత్తం 6. 'ఉయ్యాలో'లో మూడు గురువులు, అదీ 6. ఒక ఊరిలో 'ఉయ్యాలో' అని పాడే కథను పక్క ఊరిలో 'చందమామ' అని అందుకున్నా వరస చెడకపోవడానికి ఈ లెక్కే కారణం. ఆరు మాత్రల మాటను ఎనిమిది గదుల్లో కూర్చోబెడితే రెండు గదులు ఖాళీ. వాటిని నింపడానికే మీరు 'లో'ను సాగదీస్తున్నారు. ఒక పేరున్న గొంతు ఇట్ల సాగదీసి రికార్డు చేస్తే, తర్వాతివాళ్లు ఆ సాగదీతనే వరస అనుకొని నేర్చుకుంటారు. అందుకే ఇది చిన్న విషయం కాదు.

కీబోర్డులో 6/8 లూపు ఎంచుకోండి. వేగం కోసం పెద్దలు ఆడుతుండగా అర నిమిషంలో ఎన్ని చప్పట్లు పడ్డాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. 40 పడితే వేగం 80. అయితే కొన్ని కీబోర్డులు, చాలా కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు 6/8లో కూడా వేగాన్ని క్వార్టర్ నోట్ లెక్కన, అంటే మూడు మాత్రలకు కాక రెండు మాత్రలకు ఒకటి చొప్పున చూపిస్తాయి. అక్కడ 80 చప్పట్లు రావాలంటే 120 అని పెట్టాలి, ఒకటిన్నర రెట్లు. లూపు ఈడ్చినట్టు వినిపిస్తే ముందు చూడాల్సింది ఇదే. ఇంకో మాట. పాట మొదట్లో మెల్లగా ఉండి అడుగు కుదిరాక వేగం అందుకుంటుంది. మొదటినుంచి చివరిదాకా ఒకే వేగం పెడితే ఆడేవాళ్ల కాళ్లు చల్లబడతాయి. నాలుగు చరణాలకోసారి రెండు, మూడు అంకెలు పెంచుతూ పోండి. ఆ పెంపు వినేవారికి తెలియదు, అడుగుకు తెలుస్తుంది.

ప్రశ్న: కవర్ సాంగ్‌కు, రీమిక్స్‌కు తేడా ఏమిటి? – మంచిర్యాల

జవాబు: పాత రికార్డులోని శబ్దం ఒక్క క్షణమైనా వాడకుండా మాటలు, వరస మాత్రమే తీసుకొని మళ్లీ పాడితే కవర్. పాత రికార్డులోని గొంతునో వాయిద్యాన్నో తీసుకొని మార్చితే రీమిక్స్. రెండోదానికి రికార్డు యజమాని అనుమతి కూడా కావాలి.

ప్రశ్న: ఇద్దరు ఆడవాళ్లం, ఇద్దరు మగవాళ్లం కలిసి ఒక జానపదం రికార్డు చేస్తున్నాం. మా ఆడవాళ్లకు ఐదున్నర శ్రుతి, మగవాళ్లకు ఒకటిన్నర. మధ్యలో 3 అని పెడితే మా గొంతు వినబడలేదు, వాళ్లు అరిచినట్టు వచ్చింది. – జమ్మికుంట

జవాబు: మధ్యకు తేవడం వల్లనే రెండూ చెడ్డాయి. 3లో మీ కింది స్వరాలకు ఊపిరి చాలదు, వాళ్ల పై స్వరాలకు గొంతు చాలదు. నిజానికి మీ నలుగురికి కుదిరింది మంచి జత. ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదున్నర అంటే జి షార్ప్. హార్మోనియం మీద చూడండి: మగవాళ్ల పంచమమే (ప) మీ షడ్జమం. కాబట్టి ఎవరి శ్రుతిలో వాళ్లు పాడవచ్చు, శ్రుతి మారే చోట ఒక బిట్ (వాయిద్యాలు మాత్రమే మోగే ముక్క) ఉంటే చాలు. మగవాళ్ల చరణం అయ్యాక నాలుగు ఆవర్తాల, అంటే తాళం నాలుగు చుట్లు తిరిగే బిట్ పెట్టండి. అందులో ఆఖరి ఆవర్తం వాయిద్యాలన్నీ పంచమం మీద నిలవాలి. మీరు ఆ స్వరాన్నే షడ్జమంగా పట్టుకొని ఎత్తుకోండి. తిరిగి వచ్చేటప్పుడు మీ మధ్యమం (మ) మీద నిలిపితే అది వాళ్లకు షడ్జమం. బిట్ లేకుండా నేరుగా మారితే మొదటి మాట ఎప్పుడూ తప్పు శ్రుతిలో పడుతుంది. ఎడిటింగ్‌లో దాన్ని లాగి సరిచేయడం కనబడిపోతుంది.

వంతకు మాత్రం ఒక్క శ్రుతి ఉండాలి. పాట ఐదారు స్వరాల్లోనే తిరిగేదైతే, చాలా జానపదాలు అంతే, ఐదున్నరలో మీరు మధ్య స్థాయిలో, వాళ్లు కింది స్థాయిలో వంత పాడండి. స్టూడియోలో 'తర్వాత సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి మారుద్దాం' అంటే ఒప్పుకోవద్దు. రెండు అర స్వరాలు దాటితే, దించిన ఆడగొంతు మొద్దుబారుతుంది, ఎక్కించిన మగగొంతు పిల్లల గొంతులా అవుతుంది.

నలుగురూ ఒకే గదిలో పాడితే ప్రతి గొంతూ పక్కవారి మైకులోకి పోతుంది. నోటికీ మైకుకూ జానెడు దూరం ఉంటే, ఒక మైకుకు మరో మైకు కనీసం మూడు జానలు ఉండాలి. ఇంకా దగ్గరైతే గొంతు బోలుగా, డబ్బాలో నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. ఒకే శబ్దం రెండు మైకులకు కొద్ది తేడాతో చేరి కొన్ని స్వరాలను చంపేస్తుంది. కారణం అదే.

ప్రశ్న: ఊరిలో ఎప్పటినుంచో పాడే పాటను మేమే పాడి, మేమే వాయించి యూట్యూబ్‌లో పెట్టాం. రెండు రోజులకే ఒక మ్యూజిక్ కంపెనీ కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. జానపదానికి కాపీరైట్ ఉంటుందా? – జగిత్యాల

జవాబు: ఒక పాట చుట్టూ మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి. మాటలు, వరస, రికార్డు. మన చట్టంలో మాటలకూ వరసకూ కైగట్టినవారు చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రికార్డుకు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. కర్త తెలియని పాత పాటకు మొదటి రెండూ ఎవరివీ కావు. కానీ దాన్ని పాడి రికార్డు చేసినవారికి ఆ రికార్డు మీద హక్కు ఉంటుంది. డాలీ పార్టన్ పాట ఇక్కడ మంచి ఉదాహరణ. ఆ పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నప్పుడు ప్రచురణ హక్కులో సగం అడిగారు, ఆమె ఒప్పుకోలేదు. అందువల్ల 1992లో పాడింది విట్నీ అయినా, మాటలకూ వరసకూ రావలసిన రాయల్టీ డాలీకి చేరింది. విట్నీ రికార్డు మీద హక్కు మాత్రం వేరే వారిది.

మీకు వచ్చింది యంత్రం పెట్టిన క్లెయిమ్. కంపెనీ తన రికార్డును కంటెంట్ ఐడీలో (పాటలను పోల్చి పట్టే యూట్యూబ్ యంత్రంలో) నమోదు చేస్తే, అదే వరస ఎక్కడ వినిపించినా యంత్రం పట్టుకుంటుంది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ (వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే హెచ్చరిక) వేరు. క్లెయిమ్‌తో ఛానెల్ పోదు, ఆదాయం మాత్రం వాళ్ల వైపు పోతుంది. భయపడి వీడియో తీసేయకండి. ముందు క్లెయిమ్ వివరం తెరిచి చూడండి: శబ్దం రికార్డు మీదా, వరస మీదా? రికార్డు మీద అయి, మీరు నిజంగానే అంతా సొంతంగా వాయించి ఉంటే డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. సంప్రదాయ జానపదం, గానం, వాయిద్యం, రికార్డింగ్ అన్నీ మావే అని రెండు మూడు వాక్యాల్లో రాయండి, కోపం వద్దు. క్లెయిమ్ పెట్టినవారికి 30 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా జవాబివ్వకపోతే క్లెయిమ్ పోతుంది. వాళ్లు నిలబడితే మీరు అప్పీలు చేయవచ్చు. అప్పుడు వాళ్లకు 7 రోజులు. అయితే అప్పీలు మీద వాళ్లు వీడియో తీసివేతకు నోటీసు ఇస్తే స్ట్రైక్ పడుతుంది. అందుకే ఆధారాలు చేతిలో ఉంచుకొనే అప్పీలుకు వెళ్లాలి: విడివిడి ట్రాకుల ఫైళ్లు, రికార్డింగ్ రోజు తీసిన వీడియో, పెద్దవాళ్లు పాడిన పాత రికార్డు. పరకాల పాఠకులకు చెప్పిన ఆ తేదీ, ఊరు, పేరు ఇక్కడ అక్కరకు వస్తాయి.

డిస్ప్యూట్ పెట్టకూడని సందర్భాలూ ఉన్నాయి. కరోకే ట్రాకు దించుకొని దాని మీద పాడి ఉంటే ఆ ట్రాకు మీది కాదు. రెండోది ఇంకా తరచుగా జరుగుతోంది. ఒకరు కైగట్టిన పాట పది మంది నోట పడి, 'సంప్రదాయం' అనే పేరుతో తిరుగుతుంది. తెలంగాణలో గత నలభై, యాభై ఏళ్ల పాటల్లో ఇట్లాంటివి ఎన్నో. వరస పాతదే ఉండి మాటలు కొత్తవి కావచ్చు. వివరణలో 'సంప్రదాయం' అని రాసేముందు ఆ ఊరి కళాకారులను ఇద్దరు ముగ్గురిని అడగండి. కర్త ఉంటే వెళ్లి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కాగితంలో పాట పేరు, మీరు పాడే చరణాలు, ఎక్కడెక్కడ పెడతారు, ఎన్నేళ్లకు, ఎంత ఇస్తున్నారు, వచ్చే ఆదాయంలో వాటా ఎంత అని ఉండాలి. నోటిమాట స్నేహం ఉన్నన్నాళ్లే పనిచేస్తుంది.

అనుమతి లేకుండా కవర్ చేసుకునే దారి చట్టంలో ఒకటి ఉంది, 31సీ సెక్షన్. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదు క్యాలెండర్ ఏళ్లు గడవాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. అవసరానికి మించి మాటలూ వరసా మార్చకూడదు. ఇది కవర్ అని పైన రాయాలి. ముందు పాడినవారి పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. ఊరి బృందానికి ఆ లెక్క భారం. నేరుగా కర్త దగ్గరికి వెళ్లడమే మేలు. పాత గాయకుల ఫొటో థంబ్‌నెయిల్‌లో పెట్టి జనాన్ని రప్పించే అలవాటును మాత్రం ఈరోజే మానేయండి. ఏ దారిలోనూ అది సరైనది కాదు.

ప్రశ్న: మేము పాడిన పాటలో గొంతు బాగుంది, డప్పు మాత్రం పగిలినట్టు వస్తోంది. వేరేవాళ్లు పాడిన అదే పాటలో డప్పు గుండెకు తగులుతోంది. పది అడుగుల గదిలో రికార్డు చేశాం. – ములుగు

జవాబు: గది చిన్నది, మైకు దగ్గర, గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే మోతాదు) ఎక్కువ. మూడూ కలిసిన ఫలితం ఇది. డప్పు దెబ్బ మొదటి క్షణంలో ఎగిసే శబ్దం గొంతు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గొంతుకు పెట్టిన గెయిన్‌తోనే డప్పు తీస్తే ఆ కొన అక్కడే తెగిపోతుంది. తెగినదాన్ని మిక్సింగ్‌లో అతికించలేరు. అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టించి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ దించండి. ఫోనుతో తీస్తుంటే ఆటో గెయిన్ ఆపే వీలున్న యాప్ వాడండి. లేకపోతే దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు ముడుచుకొని మళ్లీ తేలుతుంది.

డప్పును పది అడుగుల గదిలో తీయవద్దు. గోడలు దగ్గరగా ఉంటే కింది శబ్దం తిరిగి వచ్చి పేరుకుంటుంది, గుబగుబ అంటుంది. పొడవాటి వసారా, ఫంక్షన్ హాలు, గాలి లేని పూట ఇంటి ముందరి వాకిలి, ఏదైనా నయమే. మైకు నాలుగైదు అడుగుల దూరంలో, తోలు నడిమికి ఎదురుగా కాకుండా ఏటవాలుగా ఉండాలి. కుడిచేతి చిర్ర దెబ్బ బరువు, ఎడమచేతి సిటికెన పుల్ల పలుకు, రెండూ సమంగా వినబడే చోటు చెవితో వెతికి, ఆ చెవి ఉన్న చోటే మైకు పెట్టండి. రెండు మైకులు దొరికితే రెండోదాన్ని పది అడుగుల అవతల పెట్టి, కొద్దిగా కలపండి. మీరు మెచ్చిన రికార్డులో గుండెకు తగిలింది ఆ దూరపు గాలి కూడా.

ఇక కాపడం. మేక తోలు మంట సెగకు బిగుస్తుంది, గాలిలో తేమకు వదులవుతుంది. వానాకాలం మరీ తొందరగా. మొదటి చరణం కణకణ మోగి, నాలుగో చరణానికి డబడబ అంటే తోలు దిగిందన్నమాట. అప్పుడు తీసిన ముక్కను మొదటిదానికి అతికిస్తే అతుకు ప్రతి చెవికీ వినబడుతుంది. రెండు డప్పులు తెచ్చుకోండి. ఒకటి మోగుతుండగా రెండోది సెగ దగ్గర ఉండాలి. మంట కొసలు తోలుకు తగలకూడదు. ఎండుగడ్డి మంట మీద దూరంగా పట్టి చుట్టూ తిప్పాలి. ఒకేచోట కాస్తే అక్కడ తోలు పెళుసై పగులుతుంది. మొదటి మంచి టేకులో రెండు దెబ్బలు ఫోనులో దాచుకొని, మళ్లీ కాచిన ప్రతిసారీ దానితో పోల్చి చూసి ఎత్తుకోండి. ముందు డప్పు, తర్వాత గొంతు తీయండి. డప్పు విడిగా తీస్తున్నప్పుడు పాడేవారు దూరంగా, వీలైతే ఇంకో గదిలో నిలబడి, హెడ్‌ఫోన్ ద్వారా డప్పు కళాకారుల చెవిలోకి పాడాలి. మాట వినకుండా దరువు మాత్రమే వేయమంటే, చరణం ఆఖర్న ఇచ్చే ముక్తాయింపు ఎక్కడ పడాలో వారికి తెలియదు.

ప్రశ్న: ఇట్లాంటి పాటల పాత రూపాలు ఎక్కడ విచారించవచ్చు? – నర్సంపేట

జవాబు: తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. జానపదం, గిరిజన విజ్ఞానం మీద పరిశోధన జరిగే చోటు అది. ఆకాశవాణి వరంగల్ కేంద్రంలోనూ అడగండి. వెళ్లేటప్పుడు పల్లవి, వంత మాట, మీ ఊరు, పాడేవారి వయసు ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి. పాట పేరు చెప్పి అడిగితే దొరకదు. ఒకే పాటకు ఊరికో పేరు. పల్లవి మొదటి మాట, వంత మాట చెబితే దొరకడం తేలిక.